ఒక్క ఫ్లాస్కు సేపు

ఒరోస్మాన్ కర్దోసో బడికి వచ్చిన రోజున బడి వంటమనిషి ఎతెల్వినా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. గుమ్మంలో బురద బూట్ల చప్పుడు విని, కాళ్ళు తుడుచుకోవడం ఈ మనిషికి వాళ్ళమ్మ నేర్పలేదు అనుకుంది. అతను తిన్నగా లోపలికి వచ్చి టీచరు బల్ల మీద కంప్యూటరు పెట్టాడు. పెట్టాడనడం మర్యాద కోసం. పడేశాడు. బడికి వెళ్ళే ప్రతి పిల్లకీ సర్కారు ఇచ్చే చిన్న కంప్యూటరు అది, అతని కూతురు లుహాన్‌ది. అప్పుడా పిల్ల నాలుగో తరగతి.

"తీసేసుకోండి టీచరమ్మా, మాకొద్దు," అన్నాడు. "ఇది ఇంటికొచ్చిన కాణ్ణించీ దూడలకి పాలు పట్టే దిక్కు లేదు. పిలిస్తే పలకదు. మొన్న భోజనాల దగ్గర వాళ్ళమ్మ ఉప్పు అడిగితే ఈ పెట్టె అందించింది."

పన్నెండు మంది పిల్లలు పెన్సిళ్ళు ఆపి చూస్తున్నారు. లుహాన్ తెల్ల అంగీ మెడకి కట్టిన నీలం రిబ్బను బో వెనక మొహం దాచుకుంది. టీచరు నీబియా కుర్చీలోంచి లేవలేదు. ఎర్ర కలం పక్కన పెట్టి, కూర్చోమంది. అతను కూర్చోలేదు.

"నించుని పోట్లాడితే నడుం నొప్పి మీకే," అంది నీబియా. "పొద్దున ఎన్నింటికి లేస్తారు?"

"నాలుగింటికి."

"లేవగానే ఏం చేస్తారు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. ఆ ఊళ్ళో లేవగానే ఎవరైనా చేసేది ఒకటే. సొరబుర్రలో మాతె ఆకు నింపి, ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు కొంచెం కొంచెం పోసుకుంటూ, లోహపు గొట్టంతో ఆ చేదు పీల్చడం.

"ఎంతసేపు తాగుతారు?"

"ఫ్లాస్కు అయ్యేదాకా."

"అయ్యాక మళ్ళీ నింపుకుంటారా?"

"ఆవులు ఊరుకుంటాయా? లేచి పాలు పితుకుతాను."

"మరి మాతె మీద కోపమొచ్చి సొరబుర్రని కొట్టువాడి మొహాన కొట్టలేదే ఎప్పుడూ?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒరోస్మాన్ అటు చూడగానే నవ్వు ఆగిపోయింది. అప్పుడు నీబియా కిటికీ గట్టు మీదున్న తన పాత ఫ్లాస్కు తీసింది. స్టీలుది, పక్కన ఓ సొట్ట. దాన్ని కంప్యూటరు పక్కన పెట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక దీన్ని నింపుతాను, ఇందులో నీళ్ళున్నంతసేపే పిల్లల కంప్యూటర్లు తెరిచి ఉంటాయి, ఆఖరి బొట్టు పడగానే మూతలు పడతాయి, అంది. ఇంట్లో మీ ఫ్లాస్కు లెక్క, సాయంత్రం పాలు పితికి మీరు మాతెకి కూచున్నప్పుడు పిల్ల అది తెరుస్తుంది, మీరు లేచినప్పుడు మూస్తుంది, అంది.

"ఎవరిదా మాట?"

"నాది."

ఒరోస్మాన్ కాసేపు ఆ సొట్ట వంక చూశాడు. తర్వాత కంప్యూటరు తీసుకుని, దూడ ముక్కు తుడిచినట్టు చొక్కా చేత్తో దాని మూత తుడిచి, కూతురి బల్ల మీద పెట్టాడు. బయటికి వెళ్తూ గుమ్మంలో కాళ్ళు తుడుచుకున్నాడు. లోపలికొచ్చేటప్పుడు మానేసి బయటికెళ్ళేటప్పుడు తుడుచుకున్న మనిషిని ఎతెల్వినా అంతవరకూ చూడలేదు. తగవు ఎవరు గెలిచారో ఆమెకి అప్పుడే తెలిసింది.

నీబియా తగవులు గెలిచే మనిషి కాదు. పేకాటలో ఎతెల్వినా చేతిలో ఇరవై రెండేళ్ళుగా ఓడిపోతూనే ఉంది. చేతిలో ముక్క లేకపోయినా ఉన్నట్టు నటించాలి ఆ ఆటలో. అది ఆమెకి రాదు. మొహం ముందే చెప్పేస్తుంది.

నీబియా ఈ పాసో సౌసె బడికి పాల లారీ ముందు సీట్లో వచ్చింది. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. దురాజ్నో పట్నంలో పెరిగిన పిల్ల. ఒక సూటుకేసు, ఒక అట్టపెట్టె నిండా పుస్తకాలు, కొత్త బూట్లు. గేటు నుంచి గుమ్మానికి వచ్చేలోపు ఒక బూటు బురదలో ఉండిపోయింది. ఎతెల్వినా దాన్ని లాగి, కడిగి, పొయ్యి పక్కన ఆరబెట్టి, ఇది వారం కంటే ఉండదు అనుకుంది. బూటు సంగతి కాదు, టీచరు సంగతి.

ఉంది. బడి వెనక గదిలో సోమవారం నుంచి శుక్రవారం దాకా కాపురం. శనివారం ఆరు కిలోమీటర్లు నడిచి పెద్ద రోడ్డు మీద బస్సెక్కి పట్నంలో తల్లి దగ్గరికి వెళ్ళడం, సోమవారం మళ్ళీ పాల లారీలో రావడం. పట్నంలో బేకరీ నడిపే ఒకతను ఆమె కోసం నాలుగేళ్ళు శనాదివారాలు ఎదురు చూశాడు. తర్వాత, వారం మధ్యలో కూడా ఇంట్లో ఉండే మనిషిని చూసుకుని పెళ్ళి చేసుకున్నాడు. నీబియా ఆ వారం పిల్లల చేత పాలకూర మళ్ళు వేయించింది. ఎతెల్వినా ఏమీ అడగలేదు. అడక్కపోవడం ఆమెకి ఎంత కష్టమో ఊళ్ళో అందరికీ తెలుసు.

ఒకటే గది, ఆరు తరగతులు. ఒక వరుసకి కూడికలు చెప్తూ రెండో వరుసకి డిక్టేషను చదివి, మూడో వరుసలో ముక్కు కారే పిల్లకి గుడ్డ అందించేది. ఎతెల్వినా చదువు మూడో తరగతి దగ్గర ఆగిపోయింది. అయినా వంటింటి గుమ్మంలోంచి ఆ ఆరు తరగతులూ ఇరవై రెండు సార్లు విన్నది కాబట్టి, తనంత చదివిన వంటమనిషి దేశంలో ఉండదని ఆమె నమ్మకం. నీబియా ఎప్పుడైనా నదుల పేర్లు మర్చిపోతే వంటింట్లోంచి జవాబు వచ్చేది.

కంప్యూటర్లు వచ్చిన ఏడు నీబియా పదేళ్ళు చిన్నదైపోయింది. చేతులు వణికే పిల్ల ఒకతి ఉండేది, పెన్సిలుతో గీత కూడా నిలవదు. ఆ పిల్ల మీటలు నొక్కి తన పేరు పూర్తిగా రాసిన రోజున నీబియా బయటికెళ్ళి నీలగిరి చెట్ల కింద నించుని కళ్ళు తుడుచుకుని వచ్చింది. గాలికి దుమ్ము పడిందని ఎతెల్వినాకి చెప్పింది. ఆ రోజు గాలి లేదు. లుహాన్ అయితే వాగు దగ్గర కప్పల అరుపులన్నీ ఆ పెట్టెలోకి పట్టుకొచ్చి, ఏ అరుపు ఏ కప్పదో కనిపెట్టింది. కాని నీబియా అంతటితో వదిలేది కాదు. తెరమీద చూసిన ప్రతిదీ చేత్తో నోటుబుక్కులోకి రావాలి. పెట్టె చూపించడానికి, నోటుబుక్కు ఉంచుకోవడానికి అనేది. లుహాన్ నాలుగు కప్పలు గీసింది. ఒకదానికి కళ్ళు ఒరోస్మాన్ కళ్ళలా వచ్చాయి.

ఫ్లాస్కు మాట రెండేళ్ళు నిలిచింది. పిల్లలకి లెక్క వచ్చేసింది. టీచరు ఫ్లాస్కుని ఎంత వంచితే లోపల అంత తక్కువ. కొంచెమే వంచితే ఇంకా సమయం ఉంది. మణికట్టు పూర్తిగా తిరిగిందంటే తొందరపడాలి. ఆఖరి బొట్లు సొరబుర్రలో పడే చప్పుడుకి పన్నెండు మూతలు పడేవి. ఎవరూ గంట కొట్టే పని లేదు.

ఆ రెండేళ్ళకి లుహాన్ ఆరో తరగతిలోకి వచ్చింది. ఆ తరగతిలో ఆ పిల్ల ఒక్కతే. వచ్చే ఏడు పట్నంలో హైస్కూలుకి వెళ్ళాలంటే ఇంగ్లీషు కావాలి, నీబియాకి ఇంగ్లీషు రాదు. ప్రతి గురువారం పట్నం నుంచి ఒక టీచరు తెరమీదికొచ్చి లుహాన్‌కి పాఠం చెప్పేది. పిల్లని పంపుతారా అని నీబియా అడిగితే ఒరోస్మాన్, మీ మాట నిలిచినంతకాలం ఆ పెట్టె ఉంటుంది, పెట్టె ఉంటే పాఠం ఉంటుంది, పాఠం ఉంటే చూద్దాం, అన్నాడు. అతని నోట చూద్దాం అనే మాట రావడమే గొప్ప. అంటే ఆ పిల్ల చదువంతా ఆ సొట్ట ఫ్లాస్కు మీద ఆనుకుని ఉంది. ఈ సంగతి టీచరుకీ తండ్రికీ పిల్లకీ తెలుసు, ఎతెల్వినాకి కూడా తెలుసు.

పిల్లలకి ఒక్క ఫ్లాస్కు. టీచరుకి మాత్రం లెక్క లేదు.

మొదట్లో ఏడాదికి రెండు రిజిస్టర్లు రాసేది. ఇప్పుడు హాజరు కంప్యూటరులోనే, పిల్లలు తాగిన పాలు అందులోనే, ఎవరికి ఏ పాఠం ఎంత వచ్చిందీ అందులోనే. శిక్షణలు తెరమీద, మీటింగులు తెరమీద. ఇవి చాలవని ఫోనులో తల్లిదండ్రుల గుంపు. రేపు లారీ వస్తుందా, మా వాడి దువ్వెన అక్కడుందా, మీరు పెట్టిన లెక్క మా ఆయనకే రాలేదు. నీబియా ఒక చేత్తో సొరబుర్ర, ఒక చేత్తో ఫోను, కళ్ళు కంప్యూటరు మీద. కళ్ళద్దాలు రెండేళ్ళలో రెండు సార్లు మారాయి. మడమలు వాచి సాయంత్రానికి బూట్లు విప్పుకుని వంటింటి బల్ల కింద చల్లటి గచ్చు మీద పాదాలు ఆనించేది. నాలుగేళ్ళు ఉద్యోగం మిగిలుంది అనేది. ఇదివరకు ఇలా ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

మేలో ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. చెడ్డ మనిషేం కాదు. ఎతెల్వినా వడ్డించిన మాంసం, మకరోనీ పులుసు బావుందని రెండు సార్లు అంది. తినలేదు, అది వేరే సంగతి. చెంచా ఎత్తినప్పుడల్లా ఫోను మోగింది. పులుసు మీద కొవ్వు తెల్లగా పేరుకుపోయింది. ఆవిడ తన కంప్యూటరులో రంగురంగుల పట్టీలు చూపించింది. ఏ బడిలో పిల్లలు ఎన్ని గంటలు తెర తెరిచారో ఆ పట్టీలు చెప్తాయట. పాసో సౌసె పట్టీ అన్నింటి కంటే కింద, గోరంత ఉంది. కారణం రాయాలి అంది. ఫ్లాస్కు సంగతి నీబియా చెప్పబోయి మానేసింది. ఫ్లాస్కు అని ఏ గడిలో రాస్తారు? గంటలు పెంచుతాను అంది. ఇన్‌స్పెక్టరమ్మ కూడా అలసిపోయి ఉంది కాబట్టి ఆ మాటతో తృప్తిపడి వెళ్ళిపోయింది.

నీబియా గంటలు పెంచలేదు. గంటలు వాటంతట అవే పెరిగాయి.

ముందు పట్టుకున్నది ఎతెల్వినా నాలుకే. బడి వదిలాక టీచరు ఆకు మీదే కెటిల్ నీళ్ళు పోసుకుని ఆఖరి బుర్ర తాగడం ఆమెకి అలవాటు. ఒకరోజు తాగి ఊసేసింది. ఆకులో సారం లేదు. ఒక ఫ్లాస్కు పోసిన ఆకు అలా ఉండదు. రెండో మూడో పోసుంటారు. "టీచరమ్మా, ఇది మాతెనా, అంట్లు తోమిన నీళ్ళా?" అని అడిగింది. నీబియా తెర మీంచి కళ్ళు ఎత్తకుండా ఊఁ అంది. ఆమె మూడు గంటలుగా అదే తాగుతోంది. ఏం తాగుతోందో ఆమెకి తెలీదు.

మర్నాడు ఎతెల్వినా కెటిల్ దగ్గర కాపు కాసింది. భోజనాలయిన గంటకి లుహాన్ పిల్లిలా వచ్చింది. చేతిలో టీచరు ఫ్లాస్కు. టీచరు ఫోనులో ఎవరికో జవాబు రాస్తున్నప్పుడు కిటికీ గట్టు మీంచి తీసుకొచ్చి, నింపి, మళ్ళీ అక్కడే పెట్టడం. మిగతా పిల్లలు చూస్తూ ఊపిరి బిగబట్టేవారు. రెండు వారాల్లో ఒక్కసారి కూడా టీచరు తల ఎత్తలేదట.

ఇక్కడ ఎతెల్వినా ఆ పిల్ల చెవి పట్టుకుని టీచరు ముందు నిలబెట్టవలసింది. నిలబెట్టలేదు. అందుకు కారణం ఉంది, అది ఆమెని గొప్ప చేసేది కాదు.

లుహాన్ ఊరి సంగతుల మీద ఒక ప్రాజెక్టు చేస్తోంది. ఎతెల్వినా చిన్నప్పుడు వాగు పొంగి, ఆవులు ఇళ్ళ కప్పుల మీద నించున్న వరద కథ ఆ పిల్ల ఆమె చేత చెప్పించి పెట్టెలోకి ఎక్కించింది. వెనకాల వాన చప్పుడు పెట్టింది. ఒక మధ్యాహ్నం వంటింట్లో దాన్ని వినిపించింది. అరవై ఏళ్ళుగా ఎతెల్వినా ఊరి వాళ్ళకి ఆ కథ చెప్తూనే ఉంది. ఎవరూ చివరి దాకా వినలేదు. ఇప్పుడు తన గొంతు, తన మాటలు, పైన వాన. మూడో తరగతి చదువు మనిషి గొంతు పట్నం దాకా వెళ్తుంది అంది పిల్ల. ఇంకా సగం ఉంది అవ్వా, ఒక్క ఫ్లాస్కులో అవదు, అంది.

ఎతెల్వినా పొయ్యి మీద కెటిల్ ఇంకొంచెం ముందుకి జరిపింది. ఆ రోజు నుంచీ ఫ్లాస్కు నింపింది లుహాన్ కాదు. నీళ్ళు వేడిగా ఉండేలా చూసి, గుమ్మంలోంచి అందించింది తనే.

జూన్‌లో ఒక మంగళవారం ఒరోస్మాన్ వచ్చాడు. ఈసారి గుమ్మంలో కాళ్ళు తుడుచుకుని వచ్చాడు. అది చూసే ఎతెల్వినాకి భయం వేసింది. అతని చేతిలో కంప్యూటరు లేదు, లుహాన్ నోటుబుక్కు ఉంది. నీబియా బల్ల మీద దాన్ని మెల్లిగా తెరిచి, పేజీలు తిప్పాడు. ప్రతి పేజీ పైన గుండ్రటి అక్షరాల్లో తేదీ ఉంది. కింద ఏమీ లేదు. మూడు వారాలు, తేదీ తర్వాత తేదీ, కింద తెల్ల కాగితం. ఆ తెల్ల కాగితం అడుగున ఎర్ర కలంతో నీబియా పెట్టిన టిక్కు. చూశాను అని ఆమె సంతకం. ఒక్క పేజీ తప్పకుండా.

"నేను ఐదు దాకా చదివాను టీచరమ్మా," అన్నాడు. "ఖాళీ కాగితం చదవడానికి అది చాలు."

నీబియా కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. టిక్కులు అలాగే ఉన్నాయి. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి ఫ్లాస్కు తీసింది. రెండున్నర దాటింది. అప్పటికి ఆఖరి బొట్టు పడి చాలాసేపయి ఉండాలి. వంచింది. కొంచెం వంచేసరికే నీళ్ళు నిండుగా వచ్చాయి, ఆవిరి లేచింది. పిల్లలందరూ బల్లల వంక చూస్తున్నారు. నీబియా పిల్లల్ని చూడలేదు. వంటింటి గుమ్మం వైపు చూసింది. ఎతెల్వినా చేతిలో ఉన్న గుడ్డతో తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

పెట్టె ఇంట్లో బీరువా మీద పెడతానన్నాడు ఒరోస్మాన్. గురువారం పాఠం సంగతి పిల్ల గొణిగితే, ఇంగ్లీషు రాని ఆవులు కూడా పాలిస్తాయి అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఎతెల్వినా ఎదురు చూసింది. ఇప్పుడు టీచరు కూర్చోమంటుంది, ఆవుల గురించో బూట్ల గురించో ఏదో ఒకటి అడుగుతుంది, వంకరగా తిప్పి తిప్పి మనిషిని నిలదీస్తుంది. నీబియా చెయ్యి బల్ల మీద ఆనించి నించుంది.

"మాట నాదే," అంది. "పోగొట్టింది కూడా నేనే. తీసుకెళ్ళండి."

లుహాన్ ఏడవలేదు. కంప్యూటరు తండ్రికి ఇచ్చి, మెడకున్న నీలం బో విప్పి, మళ్ళీ కట్టుకుంది.

బడి వదిలాక ఎతెల్వినా వంటింట్లో చెప్పేసింది. ఎవరు మొదలెట్టారో, ఎవరు నీళ్ళు కాచారో, ఎందుకు కాచారో. చెప్పేటప్పుడు గొంతు తగ్గించలేదు. తప్పు చేసినప్పుడు గొంతు తగ్గించే అలవాటు ఆమెకి లేదు. నీబియా బూట్లు విప్పి పాదాలు గచ్చుకి ఆనించి విన్నది.

"వరద కథ బావుందా?" అని అడిగింది చివరికి.

"బావుంది. నేను చెప్తే బావుండదా?"

"నేను వినలేదు. పెట్టెలో ఉందనే తెలీదు నాకు." వాచిన మడమ నొక్కుకుంది. "పిల్ల ఏం చేస్తోందో మీకు తెలుసు దోన్యా ఎతెల్వినా. కెటిల్‌కి తెలుసు. నాకే తెలీలేదు." ఊళ్ళో పెద్ద ఆడవాళ్ళని అందరూ దోన్యా అనే పిలుస్తారు. కాని నీబియా ఆ రోజు అన్న తీరులో ఎతెల్వినాకి మర్యాద కంటే అలుపే ఎక్కువ వినిపించింది.

బుధవారం సాయంత్రం నీబియా ఎర్ర కలం అంగీ జేబులో పెట్టుకుని కర్దోసోల పాల దొడ్డికి బయల్దేరింది. మూడు కిలోమీటర్లు. నీ మడమలకి అంత దూరం ఏమిటి, నేనూ వస్తాను అంది ఎతెల్వినా, డెబ్భై దాటిన మడమలతో.

పాలు పితికే వేళ. ఒరోస్మాన్ ఆవుల మధ్య వంగి ఉన్నాడు. వీళ్ళని చూసి లేవలేదు. పెట్టె కోసం రాలేదు అంది నీబియా. ఆ నోటుబుక్కు ఒక్కసారి ఇవ్వమంది. లుహాన్ ఇంట్లోంచి తెచ్చింది. దొడ్డి కంచె స్తంభానికి ఆనించి నీబియా ఒక్కొక్క పేజీ తెరిచి, తన టిక్కుని తనే కొట్టేసింది. ఒక్కో పేజీకి ఒక్కో గీత. కొట్టేసిన చోట, చూడలేదు అని రాసింది, కింద సంతకం పెట్టింది. మూడు వారాలు. గాలికి పేజీలు లేస్తుంటే ఎతెల్వినా బొటనవేలితో అదిమి పట్టుకుంది. ఒరోస్మాన్ ఆవు పొదుగు వదిలేసి వచ్చి పక్కన నించున్నాడు. ఏదో రాయకూడనిది రాస్తోందేమోనని మొదట, తర్వాత ఊరికే.

అన్నీ అయ్యాక నోటుబుక్కు అతనికిచ్చింది. "ఖాళీ పేజీలు పిల్ల నింపుతుంది. నేను చదివి అప్పుడు పెడతాను టిక్కు."

అతను పేజీలు మళ్ళీ తిప్పాడు. ఒక టీచరు చూడలేదు అని రాసి సంతకం పెట్టడం అతని జన్మలో చూసుండడు.

"రేపు గురువారం," అన్నాడు. "పాఠానికి పెట్టె పంపిస్తాను. ఏ వారానికి ఆ వారం చూస్తాను. కాని టీచరమ్మా, ఫ్లాస్కు మీ చేతిలో ఉండకూడదు."

"ఉండదు."

"మరెవరి చేతిలో?"

నీబియా ఎర్ర కలం జేబులో పెట్టుకుంది. లుహాన్ వాళ్ళని గేటు దాకా సాగనంపింది. అవ్వా, కథలో సగమే ఉంది కదా అంది. మిగతా సగం నోటుబుక్కులో రాసుకో, నేను మెల్లిగా చెప్తాను, అక్షరాలు గుండ్రంగా పెట్టు, అంది ఎతెల్వినా.

తిరుగు దారిలో కల్వర్టు మీద కూలబడింది నీబియా. ఎండ వాలిపోతోంది. గొర్రెలు గాలిమర నీడలోంచి లేచి వెళ్తున్నాయి. జేబులో ఫోను మోగింది. తీసింది, చూసింది. దువ్వెన దొరికింది అని ఎవరో తల్లి. నీబియాకి నవ్వు వచ్చింది, అది సగంలో ఆగి దగ్గయింది. ఫోను ఒళ్ళో పెట్టుకుంది. అది మళ్ళీ మోగింది. మళ్ళీ చెయ్యి అటే వెళ్ళింది. ఆ చెయ్యి వెళ్ళడం ఇద్దరూ చూశారు.

ఎతెల్వినా చేతిలో పాత సంచీ ఉంది. మనిషి ఎక్కడికెళ్ళినా అది ఉంటుంది. అందులో ఫ్లాస్కు, సొరబుర్ర, ఆకు పొట్లం. ఆమె సొరబుర్ర నింపి, మొదటిది తను పీల్చి, రెండోది పోసి అందించింది. నీబియా తాగి ఇచ్చింది. ఇంకోటి, ఇంకోటి. ఆకులో సారం ఉంది. చాన్నాళ్ళకి రుచి తెలుస్తోంది అంది నీబియా. పోసే మనిషి పోస్తుంటే తాగే మనిషి తాగడమే, ఫ్లాస్కు వంక చూడక్కర్లేదు. తాగడం చాలనుకుంటే బుర్ర తిరిగిచ్చేటప్పుడు థాంక్స్ అనాలి. అలా అన్నాక ఇంక ఎవరూ పోయరు. నీబియా బుర్ర తిరిగిచ్చింది కాని ఆ మాట అనలేదు.

"దోన్యా ఎతెల్వినా."

"ఊఁ."

"రేపట్నించీ మీరు పొయ్యండి."

"నేనా? దొంగకి తాళాలిస్తావా?"

"నీళ్ళు ఎలా దొంగిలిస్తారో మీకంటే తెలిసిన వాళ్ళెవరున్నారు?" అంది నీబియా. కాని ఆ మాటలో హాస్యం ఎక్కువ లేదు. పాదాలు రెండూ బూట్లలోంచి తీసి గడ్డి మీద పెట్టింది. "భోజనాలయ్యాక వంటింట్లోంచి కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూచోండి. ఫ్లాస్కు మీ ఒళ్ళో పెట్టుకోండి. ఒక్కటే. కథకీ లేదు రెండోది, పాఠానికీ లేదు, ఇన్‌స్పెక్టరమ్మ వచ్చినా లేదు. అయిపోగానే అయిపోయిందని గట్టిగా చెప్పండి. పిల్లలు మూతలు వేస్తారు."

"సరే. నోరుంది కదా, చెప్తాను."

"పిల్లలకి మాత్రమే కాదు." నీబియా ఒళ్ళోని ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది. "అప్పుడు నా దగ్గరున్నది కూడా లాక్కుని పిండి డబ్బాలో పడెయ్యండి. ఒక్క నిమిషం అంటాను. ఇది ముఖ్యం అంటాను. మీ మీద అరుస్తాను కూడా. మొహం చూస్తే తెలిసిపోతుంది కదా మీకు, ఎప్పుడు బొంకుతున్నానో. ఇవ్వకండి."